చిక్కగానా, మందంగానా? – ఇంజిన్ మూత మీద ముడతల రంగు

మనలో చాలామందిమి కాలేజీ వదలగానే టైప్ ఇన్‌స్టిట్యూట్‌కు పరుగెత్తేవాళ్ళమే. లోయర్, హయ్యర్ పరీక్షలు మిషన్ మీదే కొట్టాలి కాబట్టి ఆ ఇనుప టైప్ మిషన్లు మన ఊళ్ళలో ఇంకా బతికి ఉన్నాయి. నేను కూర్చునే మిషన్ ఒంటి మీద బూడిద రంగు పెయింట్ నున్నగా ఉండదు. వేలితో నిమిరితే సన్న సన్న ముడతలు తగులుతాయి. చాలాసేపు బట్టలు ఉతికాక మన వేళ్ళ కొసలు ఎట్లా ఉంటాయో అట్లా. "పాపం, ముసలిదైపోయింది, రంగుక్కూడా ముడతలొచ్చాయి" అనుకునేదాన్ని. ల్యాబులోని పాత మైక్రోస్కోపు స్టాండు మీద నల్లగా అవే ముడతలు చూసినప్పుడూ అదే అనుకున్నాను.

అది ముసలితనం కాదు. ఫ్యాక్టరీలో కావాలని ఆ ముడతలు పడేలా చేశారు. ఈ సంగతి నాకు పోయిన మే నెలలో గుడియాత్తంలో, మా మామ పెయింట్ షెడ్డులో తెలిసింది. తెలుసుకునే లోపల ఒక కారు ఇంజిన్ మూత పాడైంది. పాడవడానికి కారణం నేను చెప్పిన ఒక తెలుగు మాట. అందుకే ఈ వ్యాసం రసాయన శాస్త్రం వాళ్ళ నోటీసు బోర్డుకు ఇవ్వకుండా మన గోడపత్రికకు ఇస్తున్నాను.

మామ షెడ్డులో

వేలూరు నుంచి 30 పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్న గుడియాత్తం అంటే అందరికీ లుంగీలు, అగ్గిపెట్టెలు గుర్తొస్తాయి. మా మామకు మాత్రం టింకరింగ్, పెయింటింగ్ పని. షెడ్డు చిన్నది. ఒక కంప్రెసర్, రెండు స్ప్రే గన్లు, ఒక సహాయకుడు. కొత్త కార్లన్నీ కంపెనీ సర్వీసుకే పోతున్నాయి కాబట్టి మామ దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పాత బండ్లు. ఉత్తరపారాలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక, ఇంట్లో మూల పడి ఉన్న అంబాసిడర్లను బాగు చేయించుకుని పెళ్ళి ఊరేగింపులకు వాడేవాళ్ళు మా వైపు కొందరున్నారు.

అట్లా వేలూరు నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన అంబాసిడర్‌ది పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బీ సిరీస్ ఇంజిన్ అది. ఎం.జి.ఎ. అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఆ కుటుంబం ఇంజినే. ఇంజిన్ నెత్తిన ఉండే మూతను మెకానిక్కులు ట్యాపెట్ కవర్ అంటారు. అంబాసిడర్‌కు వచ్చేది రేకుతో ఒత్తిన మూత. ఆయన మాత్రం ఎక్కడో వెతికి పోత అల్యూమినియం మూత ఒకటి తెచ్చాడు. "దీనికి నల్లగా, ముడతలు ముడతలుగా ఉండే పెయింట్ కొట్టాలి. గంగమ్మ సిరసు పండగ లోపల కావాలి. ఆ తర్వాత మా అబ్బాయి పెళ్ళి" అన్నాడు. సిరసు మే నెల నడిమిలో వస్తుంది. ఆ రోజు గుడియాత్తంలో ఏ పనీ జరగదు. చేతిలో ఉన్నది వారం రోజులు. రెండో మూత దొరకదు.

మామ ఇంతకు ముందు ముడతల పెయింట్ కొట్టలేదు. చెన్నై నుంచి డబ్బా తెప్పించాడు. దాని మీద ఉన్నదంతా ఇంగ్లీషు. మామ చదువు తమిళ బడిలో ఎనిమిదో తరగతితో ఆగింది. మాట్లాడేది మన ఇంటి తెలుగు. "పాపా, నువ్వు కెమిస్ట్రీ చదవతా ఉండావు కదా, ఇది చదివి చెప్పు" అన్నాడు. నేను గొప్పగా చదివి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. అందులో "హెవీ కోట్స్" అని ఉంది. "చిక్కగా కొట్టాలంట మామా" అన్నాను.

మామ తల ఊపి, థిన్నర్ దాదాపు కలపకుండానే పెయింట్ గన్‌లో పోశాడు. చిక్కగా అంటే అదే కదా. గన్ ఊపిరాడనట్టు కక్కింది. పెయింట్ తుంపర్లు తుంపర్లుగా పడి, మూత చేరేలోపే సగం ఆరిపోయాయి. తెల్లవారి చూస్తే ఒక పక్క ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది, ముడత లేదు. మధ్యలో నున్నగా మెరుస్తోంది. మూలల్లో పెయింట్ గుమిగూడిన చోట ఏనుగు చర్మం లాగా లావు ముడతలు. డబ్బాలో సగం పోయింది. మామ నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు చిక్కగా అన్నావు, నేను చిక్కగానే కలిపినా" అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

రంగుకు ముడత ఎందుకు పడుతుంది?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మామకు నేను చెప్పిన మాట ఏమిటో, అసలు ముడత ఎట్లా పుడుతుందో తెలుసుకోవాలని కూర్చున్నాను. తరగతిలో చదివిన పాఠంతో కలిపి చూస్తే తేలింది ఇది.

పాలు కాచి దించాక పైన మీగడ కడుతుంది. ఊదితే ఆ మీగడ ముడతలు పడి పక్కకు జరుగుతుంది. కింద పాలు కదులుతూనే ఉంటాయి. పైన పొర, కింద ద్రవం. ముడతల పెయింట్ పని చేసేదీ ఈ తేడాతోనే.

నూనె కలిసిన పెయింట్లు తడి గుడ్డలాగా నీరు ఆవిరై ఆరిపోవు. మొదట థిన్నర్ ఆవిరవుతుంది. తర్వాత నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, అణువుకు అణువు గొలుసులా ముడిపడి గట్టిపడుతుంది. అవిసె నూనె ఇట్లా గట్టిపడే నూనే. చైనాలో టంగ్ చెట్టు గింజల నుంచి తీసే టంగ్ నూనె ఇంకా తొందరగా గట్టిపడుతుంది. దానిలో ముఖ్యంగా ఉండే ఎలియోస్టియరిక్ ఆమ్లంలో మూడు జంట బంధాలు ఒకదాని పక్కన ఒకటి వరసగా అమరి ఉండటమే అందుకు కారణం. ముడతల పెయింట్లకు మొదట్లో వాడింది ఈ టంగ్ నూనెనే.

దీనికి తోడు ఆరుదలను వేగం చేసే లోహ లవణాలు కలుపుతారు. వాటిలో కోబాల్ట్ లవణం పని ముఖ్యంగా పైపొరలో జరుగుతుంది. జిర్కోనియం లాంటివి లోపలి దాకా ఆరేలా చేస్తాయి. మామూలు పెయింట్‌లో ఈ రెండింటికీ సమతూకం ఉండాలి. ముడతల పెయింట్‌లో ఆ తూకాన్ని కావాలని చెడగొడతారు. పైపొర ముందుగా చర్మం కట్టాలి, కింద తడిగా ఉండాలి.

ఇక అసలు సంగతి. పైన కట్టిన చర్మం కింది తడిలోని ద్రావకాన్ని, నూనెను పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బితే దానికి ఎక్కువ చోటు కావాలి. పక్కలకు జరగడానికి వీల్లేదు, ఎందుకంటే నాలుగు పక్కలా అదే చర్మం ఉంది. ఉన్న దారి ఒక్కటే, పైకి లేచి మడత పడటం. చాప మీద దుప్పటి పరిచి రెండు పక్కల నుంచి తోస్తే ఏమవుతుందో అదే ఇక్కడ జరుగుతుంది. తర్వాత కింది భాగం కూడా గట్టిపడి ఆ ముడతలు అట్లాగే నిలిచిపోతాయి.

దీన్నుంచి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, పూత పలచగా ఉంటే పైపొర, కింది పొర అనే తేడా ఉండదు. అంతా ఒకేసారి ఆరిపోతుంది, ముడత పడదు. రెండు, పూత మందం ఒక్కో చోట ఒక్కోలా ఉంటే ముడత కూడా ఒక్కోలా పడుతుంది. మందం తక్కువైన చోట సన్న ముడత, ఎక్కువైన చోట లావు ముడత. మా మూత మీద గరుకు, నునుపు, ఏనుగు చర్మం మూడూ ఎందుకు కనిపించాయో నాకు అప్పుడు అర్థమైంది. డబ్బా అడిగింది పూత మందంగా, తడిగా ఉండాలని. గన్‌లో పోసే పెయింట్ చిక్కగా ఉండాలని కాదు.

ముడత, పగులు, సుత్తి దెబ్బ

ముడతల పెయింట్‌ను జనం రెండు వేరే పెయింట్లతో కలిపేస్తారు. కొనేటప్పుడే తేడా తెలియాలి.

మొదటిది పగుళ్ళ పెయింట్. అడుగున మెత్తని పూత ఒకటి వేసి, దాని మీద తొందరగా ఆరే పెళుసు పూత వేస్తారు. పై పూత ఆరేటప్పుడు కుంచించుకుపోయి చీలుతుంది. చీలికల సందున అడుగు రంగు కనిపిస్తుంది. ఎండిన చెరువు అడుగున మట్టి నెర్రెలు బారినట్టు ఉంటుంది. అంటే ముడతలో పొర సాగుతుంది, పగులులో పొర కుంచించుకుపోతుంది. చూపుకు దగ్గరగా ఉన్నా రెండూ తలకిందులు.

రెండవది హ్యామర్‌టోన్. ఇంట్లో ఇనుప బీరువాల మీద, కార్ఖానాల్లో లేత్ మిషన్ల మీద చూసే ఉంటారు. చిన్న సుత్తితో ఒళ్ళంతా కొట్టినట్టు గుంటలు గుంటలుగా మెరుస్తుంది. అందులో సన్నని అల్యూమినియం రేణువులు, కొద్దిగా సిలికోన్ కలుపుతారు. తలతన్యతలో వచ్చే తేడాల వల్ల పెయింట్ చిన్న చిన్న గదులుగా విడిపోయి ఆ గుంటలు ఏర్పడతాయి. దానికి వేడి అవసరం లేదు.

ఇవి కాక గేట్లకు, గ్రిల్లులకు వేసే పౌడర్ కోటింగ్‌లోనూ గరుకు రకాలు ఉన్నాయి. పొడిని విద్యుత్తుతో అంటించి దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. గట్టిదే కానీ పెద్ద ఓవెన్ కావాలి.

తప్పు సరుకుగా మారిన కథ

తలుపుకు ఎనామిల్ పెయింట్ వేసినప్పుడు ముడతలు పడితే మేస్త్రీకి కూలి ఇవ్వరు. అది పనితనం లేకపోవడం కింద లెక్క. పెయింట్ తయారీలో కూడా చాలాకాలం అది తప్పే. 20వ శతాబ్దం మొదటి భాగంలో అమెరికాలో ఆ తప్పునే అదుపులో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. దాని మీద ఎంత వ్యాపారం జరిగిందంటే, ముడతల పెయింట్ పేటెంట్లన్నీ ఒకచోట చేర్చడానికి 1937లో న్యూ రింకిల్ అనే కంపెనీ పుట్టింది. 200కు పైగా తయారీదారులకు అది లైసెన్సులు ఇచ్చి, ఇంత ధరకు తగ్గించి అమ్మకూడదని షరతు పెట్టింది. ఆ గొడవ అమెరికా సుప్రీం కోర్టు దాకా పోయింది. అట్లా ధరలు కట్టడి చేయడం చట్టవిరుద్ధమని కోర్టు 1952లో చెప్పింది. ముడతల కోసం సుప్రీం కోర్టు దాకా పోయారంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

ఇంత గిరాకీ ఎందుకంటే, ముడత లోపాన్ని దాస్తుంది. ఇసుక అచ్చులో పోసిన లోహం మీద చిన్న గుంటలు, గరుకుదనం ఉంటాయి. దాన్ని నున్నగా చేయాలంటే పుట్టీ పెట్టాలి, వాటర్ పేపర్‌తో రుద్దాలి, మళ్ళీ మళ్ళీ పూత వేయాలి. ముడతల పూత కింద అవన్నీ కనబడకుండా పోతాయి. వేలిముద్రలు కనబడవు, వెలుతురు కళ్ళలోకి కొట్టదు. అందుకే టైప్ మిషన్లు, మైక్రోస్కోపులు, రేడియో పెట్టెలు ఈ రంగు తొడుక్కున్నాయి.

కార్లలో దీనికి దొరికిన చోటు ఇంజిన్ నెత్తిన ఉండే మూత. బానెట్ ఎత్తగానే ముందు కనిపించేది అదే. ఇటలీ ఫెరారీ కంపెనీ 1950ల్లో ఒక రేసు కారు ఇంజిన్ మూతలకు ఎర్ర రంగు వేసి కారుకే టెస్టా రోస్సా అని పేరు పెట్టింది. ఆ మాటకు అర్థం ఎర్ర తల. హోండా టైప్ ఆర్ కార్ల ఇంజిన్ మీద ఎర్రటి ముడతల మూత ఆ బండికి గుర్తుగానే నిలిచింది.

రెండోసారి చేసిన విధానం

మర్నాడు పొద్దున మామకు నా తప్పు చెప్పాను. ఎట్లా చెప్పాలో తెలియక వంటింటి మాటే వాడాను. "మామా, దోసె పిండి పలచగానే ఉండొచ్చు, కానీ దోసె మందంగా పోయాలి." మామ ఒక్క క్షణం చూసి, "ఇది ముందే చెప్పుంటే సరిపొయ్యేది కదా పాపా" అని నవ్వాడు. తర్వాత చేసినదంతా మామ పనితనమే. నేను రాసుకున్నది ఇది.

శుభ్రం: పాడైన పెయింట్‌ను స్ట్రిప్పర్ పూసి గీకేశారు. నూనె జిడ్డుకు ముందు కిరోసిన్, తర్వాత సబ్బు నీళ్ళు. కాస్టిక్ సోడా వాడకూడదు. అది అల్యూమినియాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. పోత అల్యూమినియానికి కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి. ఏళ్ళ తరబడి ఇంజిన్ ఆయిల్ అందులోకి దిగి ఉంటుంది. అందుకని పెయింట్‌కు ముందే ఖాళీ మూతను ఒకసారి వేడి చేశారు. చెమట పట్టినట్టు నూనె పైకి వచ్చింది. తుడిచి, మళ్ళీ వేడి చేసి, మళ్ళీ తుడిచారు. ఈ పని చేయకపోతే ఆ నూనె తర్వాత పెయింట్ కింద నుంచి లేచి పొక్కులు చేస్తుంది. ఇసుక కొట్టించిన మూత అయితే లోపలి మూలల్లో ఒక్క రేణువు కూడా మిగలకుండా కడగాలి. ఆ రేణువు ఆయిల్‌లో కలిసిందంటే బేరింగులను అరగదీస్తుంది.

మూసిపెట్టడం: ప్యాకింగ్ కూర్చునే అంచు, బోల్టు రంధ్రాలు, ఆయిల్ పోసే నోరు, ఇవన్నీ మాస్కింగ్ టేపుతో మూశారు. ప్యాకింగ్ అంచు మీద ముడతలు పడితే ఆయిల్ కారకుండా ఆపడం ఎవరి తరమూ కాదు.

ప్రైమర్: అల్యూమినియానికి పెయింట్ ఊరికే అంటుకోదు. దానికోసం ఉన్న ఎచ్ ప్రైమర్ పలచగా ఒక పూత వేసి ఆరనిచ్చారు.

కలపడం: ఈసారి థిన్నర్ డబ్బా మీద చెప్పిన కొలత ప్రకారమే కలిపారు. మామ ఒక పుల్ల ముంచి ఎత్తి చూశాడు. పెయింట్ తెగకుండా సన్న తీగలాగా జారింది.

పరీక్ష: ముందు ఒక పాత రేకు మూత మీద కొట్టి చూశారు. మొదటిసారి మేము ఎగ్గొట్టిన పని ఇదే.

పూత: మూడు పూతలు. మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా, మూడోది ఏటవాలుగా. అట్లా దిక్కులు మారిస్తే మందం అన్ని చోట్లా ఒకే తీరుగా వస్తుంది. పూతకు పూతకు మధ్య 5 నిమిషాలు. ఒక్కో పూత తడితడిగా, ఇంకొంచెం పడితే కారిపోతుందేమో అనిపించేంత మందంగా ఉండాలి. మామకు ఇది చాలా కష్టమైంది. ముప్పై ఏళ్ళుగా పలచగా, నున్నగా కొట్టడానికి అలవాటు పడిన చెయ్యి. "ఇది తప్పు చేసినట్టే ఉండాది" అంటూనే కొట్టాడు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మే నెలలో మా వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం రేకుల షెడ్డులో మూత ముట్టుకుంటే కాలుతుంది. కాలే లోహం మీద మొదటి పూత కొడితే రెండో పూత పడేలోపే అది చర్మం కట్టేస్తుంది. అందుకని పూతలన్నీ తెల్లవారి 6 గంటలకే ముగించారు.

వేడి: మామ దగ్గర ఓవెన్ లేదు. జీఐ రేకు పెట్టెలో 200 వాట్ల బల్బులు నాలుగు బిగించి, పైనా కిందా గాలి రంధ్రాలు పెట్టి, లోపల ఒక థర్మామీటర్ వేలాడదీశాడు. మూడో పూత తర్వాత థిన్నర్ ఆవిరి పోయేదాకా బయటే ఉంచి, ఆ తర్వాతే పెట్టెలో పెట్టారు. మా డబ్బా మీద రాసింది దాదాపు 90 డిగ్రీలు, ఒక గంట.

నేను రంధ్రంలోంచి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. నల్లగా, నున్నగా, అద్దంలా మెరుస్తోంది. మళ్ళీ పాడైందేమో అని గుండె కొట్టుకుంది. అప్పుడు ఒక అంచు దగ్గర మెరుపు మసకబారింది. చూస్తుండగానే అక్కడ సన్నని గీతలు లేచాయి, పక్కకు పాకాయి, ఒకదానితో ఒకటి కలిసి వల అల్లినట్టు మూత అంతా నిండిపోయాయి. "మామా, పడతా ఉండాయి!" అని అరిచాను. మామ చేతిలో పని వదిలేసి వచ్చి, నా పక్కన కింద కూర్చున్నాడు.

ముగింపు: పూర్తిగా చల్లారి గట్టిపడ్డాక, మూత మీద ఉబ్బెత్తుగా ఉన్న గీతల పైభాగం మాత్రం చెక్క దిమ్మకు వాటర్ పేపర్ చుట్టి రుద్దారు. నల్లని ముడతల మధ్య తెల్లగా అల్యూమినియం బయటపడింది. పండగకు రెండు రోజుల ముందు ఆయన వచ్చి తీసుకుపోయాడు. పాడైన పెయింట్ డబ్బులు మామ ఆయన్ని అడగలేదు. నన్నూ అడగలేదు.

ఎక్కడ వేయకూడదు

చూడ్డానికి బాగుంది కదా అని ఇంజిన్ అంతా ముడతలు వేయకూడదు. పొగ పోయే ఎగ్జాస్ట్ గొట్టాలు కొన్ని వందల డిగ్రీలు కాగుతాయి, అక్కడ ఈ పెయింట్ మాడిపోతుంది. మోటార్ సైకిల్ ఇంజిన్‌కు ఉండే రెక్కల మీద వేస్తే మందపు పూత దుప్పటిలా కప్పి, వేడి బయటికి పోకుండా ఆపుతుంది. ముడతల సందున దుమ్ము, ఆయిల్ చేరుతాయి, గుడ్డతో తుడిస్తే పోవు. సబ్బు నీళ్ళు, మెత్తని నైలాన్ బ్రష్ కావాలి. దెబ్బ తగిలి ఒక చోట పెచ్చు ఊడితే ఆ ఒక్క చోట అతుకు వేయడం కుదరదు. మొత్తం గీకి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

ఇంకో ముఖ్యమైన సంగతి. బండి మొదట ఎట్లా ఉండేదో అట్లాగే ఉండాలనుకునేవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. అంబాసిడర్ రేకు మూతకు మామూలు నున్నని రంగే ఉండేది. ముడతల మూత ఆ బండి యజమాని ముచ్చటే తప్ప ఆ బండి చరిత్ర కాదు. ఆ మాట మామ ఆయనతో ముందే చెప్పాడు.

జాగ్రత్తలు కూడా చెప్పి తీరాలి. థిన్నర్‌లో జైలీన్ లాంటి ద్రావకాలుంటాయి. వాటి ఆవిరి తల తిప్పుతుంది, నిప్పు అంటుకుంటుంది. కోబాల్ట్ లవణాలు చర్మానికీ, ఊపిరితిత్తులకూ మంచివి కావు. ముఖానికి చేతిరుమాలు కట్టుకుంటే దుమ్ము కొంచెం ఆగుతుందేమో కానీ ఆవిరి ఆగదు. దానికి బొగ్గు ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి. మామ ఇన్నేళ్ళూ తువ్వాలే కట్టుకున్నాడు. ఇప్పుడు మాస్కు కొనిపించాను. ఇంట్లో వంట చేసే ఓవెన్‌లో ఈ పని ఎన్నడూ చేయకూడదు. మా బల్బుల పెట్టె కూడా గాలి బాగా ఆడే బయట చోటే వాడాలి. గన్ కడిగిన థిన్నర్‌ను కాలవలో పోస్తే అది కౌండిన్య నదికి, అక్కడి నుంచి పాలారుకు పోతుంది. ఆ పాలారు నీళ్ళు ఇప్పటికే ఎంత దెబ్బతిన్నాయో వేలూరు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. మామ ఇప్పుడు దాన్ని ఒక డబ్బాలో పోసి మూత బిగిస్తాడు. మడ్డి అడుగుకు దిగాక పైన తేట తీసి మళ్ళీ గన్ కడగడానికే వాడతాడు.

మాట దగ్గరికి వస్తే

ఇంగ్లీషులో పూతకు, పెయింట్‌కు, దుప్పటికి, పులుసుకు అన్నిటికీ ఒకే "థిక్" సరిపోతుంది. మనకు అట్లా కాదు. పులుసు చిక్కన, దుప్పటి మందం, అడవి దట్టం, తాడు లావు. ఏది దేనికో మా అవ్వకు, మామకు, ఊరిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ డబ్బా మీద ఇంగ్లీషు చూడగానే ఆ తెలివి పక్కకు పోయి, నోటికి ముందు వచ్చిన మాట అనేశాను. మామకు నా మాట మీద నమ్మకం కాబట్టి తన చేతి అనుభవాన్ని పక్కన పెట్టాడు. "థిన్నర్ లేకుండా గన్ కక్కుతుందే" అని ఆయనకు అనుమానం వచ్చిందట. "చదువుకున్న పిల్ల చెప్పింది కదా" అని ఊరుకున్నాడట. అది వినగానే నాకు ఇంకా సిగ్గేసింది.

తమిళనాడులో పుట్టి పెరిగిన మనకు తెలుగు ఇంట్లో మాట్లాడే భాష, పరీక్షలో రాసే భాగం-1 పేపర్. ఆ రెంటికీ నడుమ షెడ్డు, కార్ఖానా, మగ్గం గుంట, అగ్గిపెట్టెల కంపెనీ ఉన్నాయి. అక్కడ పని చేసే మన వాళ్ళు రోజూ ఇంగ్లీషు డబ్బాలు, ఇంగ్లీషు మందులు, ఇంగ్లీషు మిషన్లు వాడుతున్నారు. వాటి మీద ఏముందో చదివి చెప్పమని వాళ్ళు అడిగేది మనల్నే. చెప్పే ముందు ఆ మాట పెయింట్ గురించా, పూత గురించా అని ఒక్కసారి వాళ్ళనే అడిగితే చాలు. వాళ్ళకు ఆ పని తెలుసు, మనకు ఆ అక్షరాలు తెలుసు.

మామ కోసం ఆ డబ్బా మీది సూచనలన్నీ మళ్ళీ తెలుగులో రాశాను. ఈసారి ఒక్కో వాక్యం ఆయనకు చదివి వినిపించి, ఆయన "సరే" అన్నాకే రాశాను. తెలుగు అక్షరాలు ఆయనకు నిదానంగా వస్తాయి కాబట్టి పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు గోడకు అంటించాను. అందులో మూడో వాక్యం: "పెయింట్ పలచన, పూత మందం."

మీ ఇళ్ళలో కూడా నేత, కుట్టు, వడ్రంగం, మెకానిక్ పనులు చేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళ నోట వినిపించే ఇట్లాంటి మాటలు నాలుగు రాసి తెచ్చి ఇస్తే, వచ్చే నెల గోడపత్రికలో అందరివీ కలిపి వేద్దాం.

– రెండవ సంవత్సరం, బి.ఎస్సీ. రసాయన శాస్త్రం (భాగం-1 తెలుగు)